ప్రదర్శనకు వెళ్లివచ్చిన కోడి నుంచి మందకు జబ్బు సోకకుండా ఎలా కాపాడుకోవాలి?

కోళ్ల ప్రదర్శన నుంచి తిరిగివచ్చిన కోడి ఎంత నిగనిగలాడుతూ, ఎంత హుషారుగా ఉన్నా, దాన్ని ఆ రోజే మందలో కలపకూడదు. ఎందరో పెంపకందారుల కోళ్లు ఒకే కప్పు కింద, పక్కపక్క బోనుల్లో, ఒకటి రెండు రోజులు ఒకే గాలి పీలుస్తూ గడిపిన చోటు నుంచి అది వచ్చింది. జబ్బుగా కనిపించే కోడిని ప్రదర్శనకు ఎవరూ తీసుకురారు. తెచ్చినా చాలాచోట్ల తనిఖీలో ఆపేస్తారు. కాబట్టి అక్కడ వ్యాధి అంటుకుంటే అది సాధారణంగా ఆరోగ్యంగా కనిపించే కోడి నుంచే అంటుకుంటుంది. మైకోప్లాస్మా, కొరైజా, ఐఎల్‌టీ (ఇన్ఫెక్షియస్ లారింగోట్రాకైటిస్ అనే గొంతు, శ్వాసనాళపు జబ్బు) వంటి శ్వాసకోశ వ్యాధులు వచ్చి తగ్గిన కోళ్లు మామూలుగా తింటూ, గుడ్లు పెడుతూనే ఆ క్రిములను చాలాకాలం, తరచుగా జీవితాంతం ఒంట్లో మోస్తాయి. ప్రయాణపు బడలిక, కొత్త చోటి బెదురు తగిలినప్పుడు ఆ క్రిములు తిరిగి బయటపడతాయి. ప్రదర్శనలో ఈ రెండింటికీ కొదవ ఉండదు.

మీ కోడి కూడా అలాగే, పైకి ఏమీ తెలియకుండా, దేన్నో మోసుకువచ్చి ఉండవచ్చుననే అనుమానంతోనే కింది పనులన్నీ చేయాలి. అనుమానం కోడి మీద మాత్రమే ఉంటే సరిపోదు. మీ చెప్పులు, చేతులు, బోను, కారు అడుగున పరిచిన మ్యాటు కూడా ఆ ప్రదర్శనకు వెళ్లివచ్చినవే.

బయలుదేరక ముందే వేరు గది సిద్ధం చేయండి

రాత్రి పొద్దుపోయి ఇల్లు చేరి, చీకట్లో టార్చి పట్టుకుని కోడిని ఎక్కడ పెట్టాలా అని వెతుక్కునేవారు చివరికి దాన్ని పాత గూట్లోకే తోసేస్తారు. ఈ ఒక్క రాత్రికే కదా అని సరిపెట్టుకుంటారు. అందువల్ల తిరిగివచ్చిన కోడి ఉండవలసిన గదిని ప్రయాణానికి ముందు రోజే సిద్ధం చేసి, అందులో ఊక పరిచి, దాణా తొట్టి, నీళ్ల తొట్టి అమర్చి తాళం వేసి వెళ్లాలి.

ఈ గది మందకు కనీసం 10 మీటర్ల దూరంలో ఉండాలి; స్థలం ఉంటే ఇంకా దూరంగా ఉండటం మేలు. గాలి ఎక్కువగా ఏ వైపు నుంచి వీస్తుందో గమనించి, మంద మీదుగా వచ్చిన గాలి ఈ గదిని తాకేలా చూసుకోవాలే గాని, ఈ గది గాలి మంద మీదికి పోకూడదు. ఒకే షెడ్డులో మధ్యన వల కట్టి అవతలి వైపు ఉంచడాన్ని వేరుగా ఉంచడం అనరు. దుమ్ము, తుమ్ముల తుంపర్లు, ఈకల పొడి ఆ వల గుండా సులభంగా దాటిపోతాయి. కోళ్లకు పక్షవాతం, కణితులు తెచ్చే మారెక్స్ వైరస్ అయితే ఈకల కుదుళ్ల నుంచి రాలే పొడిలోనే ఉండి, షెడ్డు దుమ్ములో నెలల తరబడి బతుకుతుంది. దూరం ఎంత ఉన్నా రెండు చోట్ల నీళ్లూ ఒకే కాలువలోకి పారడం, ఒకే చీపురు, ఒకే పార రెండింటికీ వాడటం మాత్రం ఉండకూడదు. వేరు గదికి వాడే బకెట్టు, పార, తొట్లకు ఒక రంగు పూయండి. ఇంట్లో పిల్లలకు కూడా ఏది ఎక్కడిదో తెలుస్తుంది. ఆ గది గుమ్మం దగ్గర ఒక జత బూట్లు, పైన వేసుకునే ఒక పొడవాటి అంగీ ఉంచి, వాటిని అక్కడే వేసుకుని అక్కడే విప్పాలి. పిచ్చుకలు, ఎలుకలు దూరని విధంగా కిటికీలకు సన్నని వల కొట్టించండి. దోమలను కూడా ఆపే వల అయితే కోళ్ల మశూచి విషయంలో కొంత రక్షణ దొరుకుతుంది, ఎందుకంటే ఆ వైరస్‌ను ఒక కోడి నుంచి మరో కోడికి చేరవేసేవాటిలో దోమలు ముఖ్యమైనవి.

టీకాల విషయం కూడా ఈ దశలోనే చూసుకోవాలి. కొక్కెర తెగులు (రాణిఖేత్ వ్యాధి) వంటి వాటికి వేయించే టీకా పనిచేయడానికి రెండు మూడు వారాలు పడుతుంది గనుక ప్రదర్శనకు రెండు రోజుల ముందు వేయించడం వల్ల ప్రయోజనం ఉండదు. ఏ టీకా ఎప్పుడన్నది పశువైద్యునితో ముందుగానే మాట్లాడి నిర్ణయించుకోవాలి. అయితే టీకా వేయించాం కాబట్టి వేరుగా ఉంచనక్కర్లేదని అనుకోవడం పొరపాటు. కొక్కెర తెగులు, మారెక్స్ టీకాలు కోడిని జబ్బు పడకుండా కాపాడతాయి గాని, దాని ఒంట్లోకి వైరస్ చేరకుండా, అక్కడి నుంచి బయటికి రాకుండా పూర్తిగా ఆపలేవు. టీకా వేయించుకున్న కోడి దర్జాగా తిరుగుతూ, టీకా వేయని కోడిపిల్లలకు జబ్బు అంటించగలదు.

ప్రదర్శన స్థలం విడిచే ముందు

అక్కడ మిగిలిన దాణా, నీళ్లు, బోనులో పరిచిన పొట్టు అక్కడే వదిలేయండి. మూతి విప్పిన దాణా సంచిని తిరిగి తీసుకువచ్చి ఇంట్లోని డబ్బాలో పోయడం చాలామంది చేసే పనే. అక్కడి దుమ్మంతా ఆ సంచితో పాటే మీ ఇంటికి చేరుతుంది. వేరొకరి దువ్వెన, కత్తెర, నూనె సీసా వాడి ఉంటే మీ కోడి ఈకలను, కాళ్లను ఇంటికి చేరాక మరింత శ్రద్ధగా చూడవలసి ఉంటుందని గుర్తుపెట్టుకోండి.

కారు ఎక్కే ముందు చేతులు సబ్బుతో కడుక్కుని, ప్రదర్శనలో తొడుక్కున్న బూట్లు విప్పి మూతి బిగించే సంచిలో వేసి, వేరే చెప్పులు వేసుకోవాలి. పైన వేసుకున్న చొక్కా కూడా మార్చగలిగితే మంచిది. బోను కింద ప్లాస్టిక్ పట్టా పరిస్తే ఇంటికి వచ్చాక కారు కడగడం తేలికవుతుంది.

అక్కడ కొత్త కోడిని కొన్నారా? అలాగైతే దాన్ని మీ కోడితో ఒకే బోనులో తేకండి. మీ కోడి ఒకటి రెండు రోజులే ఆ గుంపులో ఉంది. కొన్న కోడి వెనుక మీకు తెలియని మరో మంద చరిత్ర అంతా ఉంటుంది. రెండింటినీ ఒకే వేరు గదిలో పెడితే, ఒకదాని జబ్బు మరొకదానికి అంటి, మీ సొంత కోడి కూడా అనుమానితుల జాబితాలో చేరుతుంది. పొదిగించే గుడ్లు కొన్నప్పుడు కోడిని కొనలేదు కదా అనే ధీమా పనికిరాదు. మైకోప్లాస్మా తల్లి నుంచి గుడ్డు లోపలికే చేరుతుంది గనుక పెంకు ఎంత తుడిచినా ఫలితం ఉండదు. అటువంటి గుడ్లను విడిగా పొదిగించి, పిల్లలను కూడా విడిగానే పెంచాలి.

కోళ్లను తీసుకువెళ్లకుండా కేవలం చూడటానికి వెళ్లివచ్చినవారికి కూడా ఇందులో సగం వర్తిస్తుంది. మైకోప్లాస్మా క్రిమి మనిషి జుట్టు మీద, బట్టల మీద, ముక్కు రంధ్రాల్లో సైతం కొన్ని గంటల నుంచి ఒకటి రెండు రోజుల దాకా బతికి ఉండగలదు.

ఇల్లు చేరిన గంటలో

కారును షెడ్డు దాకా తీసుకురాకుండా గేటు దగ్గరే ఆపండి. కోడిని నేరుగా వేరు గదిలోకి చేర్చి, బోనును కడగవలసిన చోట దించి, టైర్లను, మ్యాట్లను నీళ్లు, సబ్బుతో కడిగించండి. తరువాత మీరు తలస్నానం చేసి, ఒంటి మీద బట్టలన్నీ మార్చుకునే వరకు మంద వైపు అడుగు పెట్టకూడదు. వీలుంటే ఆ రాత్రి, మరుసటి ఉదయం మందకు దాణా వేసే పని ప్రదర్శనకు రాని వ్యక్తికి అప్పగించండి. ఖర్చు లేని జాగ్రత్తల్లో ఇంతకంటే గట్టిది నాకు కనిపించలేదు.

కోడికి మొదటి రోజు కావలసింది ప్రశాంతత. శుభ్రమైన నీళ్లు, కావాలంటే ఆ ఒక్క రోజుకు అందులో ఎలక్ట్రోలైట్ పొడి, అలవాటైన దాణా, మసక వెలుతురు, పొడి నేల ఉంటే చాలు. ప్రదర్శన కోసం సబ్బుతో స్నానం చేయించిన కోడి ఈకల్లో సహజమైన నూనె తగ్గి ఉంటుంది, చలికి త్వరగా వణుకుతుంది. అందువల్ల ఈదురుగాలి తగలని మూల చూడండి. మొదటి రోజు రెట్ట కాస్త పలచగా ఉన్నా కంగారు పడనవసరం లేదు. రెండో రోజు దాటినా అలాగే ఉంటే, లేదా రెట్టలో ఆకుపచ్చ రంగు, రక్తపు చారలు కనిపిస్తే దాన్ని బడలిక కింద జమ కట్టకూడదు.

బోనులు, పనిముట్లు కడగడం

క్రిమిసంహారక ద్రావణాన్ని రెట్ట అంటిన బోను మీద పోయడం వల్ల ఆ ద్రావణం వృథా అవుతుందే గాని బోను శుభ్రపడదు. రెట్ట, ఈకలు, మట్టి క్లోరిన్‌ను చప్పున నిర్వీర్యం చేస్తాయి. కాబట్టి ముందుగా పొడిగా గోకి, ఎండిన చెత్తనంతా సంచిలోకి ఎత్తి, ఆ తరువాత సబ్బు నీళ్లతో బ్రష్ పెట్టి తోమి, మంచినీళ్లతో కడిగి, నీళ్లు ఓడిన తరువాతే క్రిమిసంహారకం వాడాలి. అసలు శ్రమ తోమడంలోనే ఉంది. కంటికి శుభ్రంగా కనిపించే బోనుకు మాత్రమే క్రిమిసంహారకం పనిచేస్తుందని లెక్క వేసుకోండి.

ఇంట్లో దొరికే 5 శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రావణాన్ని లీటరు నీటికి సుమారు 30 మిల్లీలీటర్ల చొప్పున కలిపి, బోను అన్ని వైపులా తడిసేలా రాసి, 10 నిమిషాల పాటు తడి ఆరకుండా చూడాలి. ఆ తరువాత కడిగి, ఎండలో పూర్తిగా ఆరబెట్టాలి. కలిపిన ద్రావణం బలం త్వరగా తగ్గిపోతుంది, ఏ రోజుది ఆ రోజే కలుపుకోవాలి. బాత్రూము కడిగే ఆమ్లాలతో గాని, అమ్మోనియా ఉన్న ద్రావణాలతో గాని దీన్ని ఎట్టి పరిస్థితిలోనూ కలపకూడదు, విషవాయువు పుడుతుంది. కోళ్లఫారాలకు ప్రత్యేకంగా అమ్మే ఇతర మందులు వాడేవారు సీసా మీద రాసిన మోతాదును, తడిగా ఉంచవలసిన సమయాన్ని పాటించాలి. ఎక్కువ కలిపితే ఎక్కువ పనిచేస్తుందనుకోవద్దు.

ఇంత చేసినా రక్తపారుడు కలిగించే కాక్సీడియా అనే పరాన్నజీవి గుడ్లు చావవు. క్లోరిన్‌కు అవి లొంగవు. మరిగే నీళ్లు, ఆవిరి, పూర్తి ఎండ వాటి మీద పనిచేస్తాయి. అందుకే కడిగిన బోనును తడిగా గోడకు ఆనించి వదిలేయకుండా ఎండబెట్టడం కూడా పనిలో భాగమే అనుకోవాలి. చెక్క బోనులు తేమను, క్రిములను లోపలికి పీల్చుకుంటాయి గనుక ప్రదర్శనలకు ప్లాస్టిక్ లేదా తీగ బోనులు వాడటం మేలు. అట్టపెట్టెల్లో తెచ్చి ఉంటే వాటిని కాల్చివేయాలి. తువ్వాళ్లను వేడినీళ్లలో ఉతకాలి. బూటు అడుగు గాడుల్లో ఇరుక్కున్న రెట్టను పాత పళ్ల బ్రష్‌తో తీసి, ఆ తరువాతే మందులో ముంచాలి.

ఎన్ని రోజులు వేరుగా ఉంచాలి?

30 రోజులు. ఎంత ఇబ్బంది ఉన్నా 21 రోజులకు తగ్గకూడదు. రెండు వారాలు చాలునని చెప్పేవారు ఉన్నారు, వారి మాటలో కొంత నిజమూ ఉంది. వ్యాధి సోకిన నాటి నుంచి లక్షణాలు కనిపించే వరకు పట్టే కాలాన్ని బట్టి చూస్తే ఐబీ (ఇన్ఫెక్షియస్ బ్రాంకైటిస్ అనే శ్వాసకోశ వ్యాధి) ఒకటి రెండు రోజుల్లో, కొరైజా ఒకటి నుంచి మూడు రోజుల్లో బయటపడతాయి. మశూచి 4 నుంచి 10 రోజులు, ఐఎల్‌టీ 6 నుంచి 12 రోజులు తీసుకుంటాయి. కొక్కెర తెగులు మామూలుగా వారం లోపే కనిపించినా 15 రోజుల దాకా ఆగవచ్చు. బర్డ్ ఫ్లూకు 14 రోజులను గడువుగా లెక్కిస్తారు. ఇంతవరకు రెండు వారాల లెక్క దాదాపు సరిపోతుంది. దాన్ని తలకిందులు చేసేది మైకోప్లాస్మా. దానికి 6 నుంచి 21 రోజులు పట్టడం మామూలు, కొన్నిసార్లు ఇంకా ఆలస్యమవుతుంది, పైగా ఇది మందలో ఒకసారి చేరిందంటే వదిలించుకోవడం దాదాపు అసాధ్యం. చంపే జబ్బు కాకపోయినా ఏళ్ల తరబడి పీడించే జబ్బు కాబట్టి, రోజులు లెక్కపెట్టేటప్పుడు దాన్నే కొలతగా పెట్టుకోవాలని నా అభిప్రాయం.

ఈ లెక్కలో ఒక నియమాన్ని ఖచ్చితంగా పాటించాలి. వేరు గదిలో ఉన్న కోళ్ల మధ్యకు 20వ రోజున బయటి నుంచి మరో కోడి వచ్చి చేరితే, అన్నింటికీ లెక్క మళ్లీ ఒకటో రోజు నుంచి మొదలవుతుంది. ప్రదర్శనల కాలంలో రెండు మూడు వారాలకు ఒకసారి వెళ్లేవారికి ఈ లెక్క ఎన్నటికీ తెగదు. అలాంటివారు ప్రదర్శన కోళ్లను ఆ కాలమంతా వేరే మందగానే పెంచి, చివరి ప్రదర్శన నుంచి 30 రోజులు లెక్కించడం తెలివైన పద్ధతి. స్థలం ఉన్నవారు వాటిని శాశ్వతంగానే విడిగా ఉంచుకోవచ్చు. అన్నిటికంటే నిశ్చింతగా ఉండే ఏర్పాటు అదే.

పని చేసే క్రమం మారకూడదు. ముందు కోడిపిల్లలు, తరువాత పెద్దకోళ్లు, చిట్టచివరన వేరు గది. వేరు గదిలోకి వెళ్లాక మళ్లీ మంద దగ్గరికి వెళ్లవలసివస్తే బట్టలు, బూట్లు మార్చి, చేతులు మోచేతుల దాకా కడుక్కోవాలి. గుమ్మం ముందు మందు నీళ్ల తొట్టి పెట్టి అందులో కాలు ముంచడం చాలామందికి ధైర్యాన్నిస్తుంది గాని, మురికి బూటును క్షణం పాటు మురికి నీళ్లలో ముంచి తీయడం కంటే, బూట్లనే మార్చుకోవడం ఎన్నో రెట్లు నమ్మదగినది.

రోజూ ఏమి గమనించాలి?

ఉదయం గదిలోకి అడుగు పెట్టకముందే తలుపు సందులోంచి ఒక నిమిషం చూడండి. మనిషి కనిపించగానే కోడి తన నీరసాన్ని దాచిపెట్టి లేచి నిలబడుతుంది; ఆ ఒక్క నిమిషంలోనే దాని అసలు పరిస్థితి తెలుస్తుంది. ఈకలు ఉబ్బించుకుని మెడ లోపలికి లాక్కుని కూర్చుందా, ఊపిరి తీసినప్పుడల్లా తోక పైకీ కిందికీ ఊగుతోందా, నోరు తెరిచి గాలి పీలుస్తోందా చూడాలి. తరువాత నిన్న పోసిన దాణాలో ఎంత మిగిలింది, నీళ్లు ఎంత తగ్గాయి, రెట్ట ఎలా ఉంది, గుడ్డు పెట్టిందా లేదా అన్నది ఒక పుస్తకంలో రాసిపెట్టండి. వారానికి ఒకసారి తూకం వేసి, రొమ్ము ఎముకను వేళ్లతో తడిమి చూస్తే, ఈకల కింద కోడి చిక్కిపోతున్న సంగతి కంటికి కనిపించక ముందే చేతికి తెలుస్తుంది.

ముఖాన్ని దగ్గరగా చూడండి. కంటి లోపలి మూలలో సబ్బు నురగలాంటి చిన్న బుడగలు కనిపించడం మైకోప్లాస్మాకు తరచుగా తొలి సూచన. అది ఒక కంట్లోనే ఉండవచ్చు, మధ్యాహ్నానికి ఆరిపోయి కనిపించకుండానూ పోవచ్చు, కాబట్టి ఉదయం పూటే చూడాలి. కంటి కింద ముఖం వాచి, ముక్కు నుంచి కారే చీమిడికి దుర్వాసన ఉంటే కొరైజాను అనుమానించాలి. మెడ చాచి, కష్టపడి ఊపిరి లాగుతూ, దగ్గినప్పుడు రక్తం కలిసిన కఫం చిమ్మితే ఐఎల్‌టీ కావచ్చు. గుడ్డు పెంకు ముడతలు పడి, లోపలి తెల్లసొన నీళ్లలా జారిపోతుంటే ఐబీని గుర్తుకు తెచ్చుకోవాలి. ఆకుపచ్చ రెట్ట, మెడ వంకర తిరగడం, కాళ్లు రెక్కలు పడిపోవడం కొక్కెర తెగులులో కనిపిస్తాయి. తురాయి, తమ్మెలు నీలం రంగుకు తిరగడం, కాళ్ల మీద ఎర్రని రక్తపు మచ్చలు, ముందు ఏ లక్షణమూ లేకుండా హఠాత్తుగా చనిపోవడం బర్డ్ ఫ్లూ ప్రమాద సూచనలు. ఈ లక్షణాలు ఒకదానితో ఒకటి కలిసిపోతాయి గనుక పేరు తేల్చే పని ప్రయోగశాలకే వదిలేయాలి. మీరు చూడవలసింది మార్పును మాత్రమే.

రాత్రి ఒకసారి, కోళ్లు కొయ్య ఎక్కి సద్దుమణిగాక, దీపం వేయకుండా గది బయట నిలబడి వినండి. పగటి సందడిలో వినిపించని చిన్న గురక, పిల్లికూత, తడి తుమ్ము అప్పుడు స్పష్టంగా వినిపిస్తాయి.

పేలు, మైట్లు, పురుగులు

ఇవి ప్రాణం తీసే వ్యాధుల్లా భయపెట్టవు గాని, ప్రదర్శన నుంచి ఇంటికి వచ్చేవాటిలో ఇవే ఎక్కువ. వచ్చిన మరుసటి రోజు, ఆపై వారానికి ఒకసారి, కోడిని ఒడిలో వెల్లకిలా పట్టుకుని, టార్చి వెలుగులో రెట్ట ద్వారం చుట్టూ ఈకలను వేళ్లతో పాయలు తీసి చూడాలి. ఎండుగడ్డి రంగులో చకచకా పరుగెత్తేవి పేలు. ఈకల మొదళ్లకు తెల్లటి ముద్దల్లా అతుక్కున్నవి వాటి గుడ్లు. ఈకల మొదళ్లు నల్లగా మసిబారినట్లు ఉండి, చూస్తుండగానే మీ చేతి మీదికి నల్లని చుక్కలు పాకితే అవి ఒంటి మీదే కాపురముండి రక్తం తాగే సన్నని పురుగులు, అంటే మైట్లు. గుడ్డు దశ నుంచి ఎదిగే వరకు వారం రోజులు కూడా పట్టదు వాటికి. పుంజుల మీద ఇవి ఎక్కువగా పడతాయి కాబట్టి పుంజులను ముందు చూడండి.

ఎర్ర మైట్ తీరు వేరు. పగలు కోడి ఒంటి మీద ఒక్కటీ కనిపించదు. చెక్క పగుళ్లలో, కొయ్య కీళ్లలో దాక్కుని రాత్రివేళ మాత్రమే వచ్చి రక్తం తాగుతుంది. తిండి లేకుండా నెలల తరబడి బతుకుతుంది గనుక గది కొన్ని వారాలు ఖాళీగా ఉంచినంత మాత్రాన పోదు. కోళ్లు కూర్చునే కొయ్య కింది వైపు తెల్లని గుడ్డతో రాత్రిపూట తుడిచి చూడండి. ఎర్రని మరకలు పడితే అది ఉన్నట్లే. మందు కోడికి కాక గదికి, పగుళ్లకు వేయవలసి ఉంటుంది.

చాలా మందులు పురుగును చంపుతాయి గాని గుడ్డును చంపవు. కాబట్టి 7 నుంచి 10 రోజుల ఎడంతో రెండోసారి తప్పక వేయాలి. ఏ మందు ఎంత అన్నది, వేసిన తరువాత గుడ్లను ఎన్నాళ్లు తినకూడదన్నది పశువైద్యుని అడిగి తెలుసుకోవాలి. రెండో వారం చివరలో రెట్టను పరీక్షకు పంపితే కడుపులోని నులిపురుగులు, కాక్సీడియా సంగతి కూడా తేలిపోతుంది.

ముందుజాగ్రత్త పేరుతో యాంటీబయాటిక్ వద్దు

ప్రదర్శన నుంచి రాగానే నాలుగు రోజులు నీళ్లలో యాంటీబయాటిక్ కలిపి ఇచ్చే అలవాటు చాలాచోట్ల ఉంది. వైరస్‌ల మీద అది పనిచేయదు. మైకోప్లాస్మా మీద పనిచేసినా లక్షణాలను అణచివేస్తుందే తప్ప క్రిమిని ఒంట్లోంచి పూర్తిగా తొలగించదు. ఫలితంగా 30 రోజులూ కోడి శుభ్రంగా కనిపించి, మందలో కలిసిన రెండు వారాలకు అసలు సంగతి బయటపడుతుంది. వేరుగా ఉంచడంలోని ఉద్దేశమే జబ్బు ఉంటే కనిపించనివ్వడం. కనిపించకుండా చేసే మందు ఆ ఉద్దేశాన్నే దెబ్బతీస్తుంది.

లక్షణాలు కనిపిస్తే

ఆ రోజు నుంచి వేరు గదిలోంచీ, మందలోంచీ ఒక్క కోడి గాని, గుడ్డు గాని బయటికి పోకూడదు. పశువైద్యునికి కబురు పెట్టి, మందు వాడకముందే నమూనాలు తీయించండి. మందు మొదలుపెట్టాక తీసిన నమూనాల్లో క్రిమి దొరక్కపోవచ్చు. కోడి చనిపోతే చేతికి గ్లవుజులు, ముఖానికి మాస్కు పెట్టుకుని, రెండు సంచుల్లో కట్టి, ఆహారం ఉంచని పెట్టెలో ఐసు మీద పెట్టి ప్రయోగశాలకు పంపాలి. గడ్డకట్టించకూడదు, కణజాలం పాడై పరీక్షకు పనికిరాదు. మీరే కోసి చూడటం అసలే వద్దు, బర్డ్ ఫ్లూ మనుషులకూ సోకగలదు. వెంటవెంటనే కోళ్లు చనిపోతుంటే ఆలస్యం చేయకుండా ప్రభుత్వ పశుసంవర్ధక శాఖకు తెలియజేయాలి. బర్డ్ ఫ్లూ, తీవ్రమైన కొక్కెర తెగులు చాలా దేశాల్లో చట్టప్రకారం తప్పనిసరిగా తెలియజేయవలసిన వ్యాధులు. ప్రదర్శన నిర్వాహకులకు కూడా ఒక మాట చెప్పండి. పక్క బోనులో కోడిని ఉంచినవారికి అది ఎంతో ఉపయోగపడుతుంది.

పరీక్షలో మైకోప్లాస్మా గాని, ఐఎల్‌టీ గాని తేలితే నిర్ణయం కఠినంగానే ఉంటుంది. ఆ కోడి కోలుకున్నా ఇక మందలోకి రాకూడదు. దాన్ని జీవితాంతం విడిగా ఉంచడమో, వైద్యుని సలహాతో తొలగించడమో చేయాలి. బహుమతి గెలిచిన పుంజు విషయంలో చేతులు రావు, నిజమే. ఆ పుంజు రక్తసంబంధాన్ని దాని పాత పిల్లల్లో వెతుక్కోవచ్చు గాని, పాడైపోయిన మందను తిరిగి తెచ్చుకోవడం అంత సులభం కాదు.

తోడు కోడితో చివరి పరీక్ష

పైకి ఏమీ కనిపించకుండా క్రిమిని మోసే కోడిని కళ్లతో పట్టుకోలేం. అందుకు ఒక పాత పద్ధతి ఉంది. 15వ రోజు ప్రాంతంలో, అప్పటికి ఏ లక్షణమూ కనిపించకపోతే, మీ మందలోంచి ప్రదర్శనకు ఎన్నడూ వెళ్లని ఒక ఆరోగ్యమైన పడుచు కోడిని తెచ్చి వేరు గదిలో దానికి తోడుగా ఉంచండి. వచ్చిన కోడి ఒంట్లో క్రిమి ఉంటే, దాన్ని ఎన్నడూ ఎరగని ఈ తోడు కోడికి అది అంటి లక్షణాలు బయటపడే అవకాశం ఎక్కువ. మిగిలిన రెండు వారాలు రెండింటినీ ఒకే శ్రద్ధతో చూడాలి. చివరన తోడు కోడి రక్తపరీక్ష కూడా చేయించగలిగితే ఇంకా నమ్మకం. ఇది నూటికి నూరుపాళ్ల హామీ కాదు. ఐఎల్‌టీ వైరస్ నరాల్లో నిద్రాణంగా ఉండి ఆ రెండు వారాల్లో లేవకపోవచ్చు. తోడుగా పంపిన కోడి కూడా గడువు ముగిసే వరకు మందలోకి రాకూడదన్న సంగతి మరిచిపోవద్దు. ఒంటరితనంతో దిగులుపడి తిండి మానే కోళ్లకు ఈ తోడు మరో విధంగానూ మేలు చేస్తుంది.

మందలో తిరిగి కలపడం

నెల రోజులు కనిపించకుండా పోయిన కోడిని మంద పరాయిదానిగానే చూస్తుంది. పొడుచుకోవడంలో అయిన గాయాలు, ఆ బెదురు కలిసి కోడి రోగనిరోధక శక్తిని మళ్లీ తగ్గిస్తాయి. కాబట్టి ముందు మూడు నాలుగు రోజులు షెడ్డులోనే వల అవతల ఉంచి, ఒకదాన్నొకటి చూసుకోనివ్వాలి. ఆ తరువాత చీకటి పడ్డాక కొయ్య మీద మిగతావాటి పక్కన కూర్చోబెట్టాలి. తోడు కోడిని కూడా అదే రాత్రి కలిపితే దెబ్బలు ఇద్దరికీ పంచుకున్నట్లవుతుంది. మరుసటి ఉదయం దాణా, నీళ్లు రెండు మూడు చోట్ల పెడితే బలమైన కోళ్లు కొత్తదాన్ని తిండికి దూరం చేయలేవు.

కలిపిన తరువాత కూడా రెండు వారాల పాటు మంద మొత్తానికి దాణా, నీళ్లు, గుడ్ల లెక్క రాస్తూ ఉండండి. ఆ రెండు వారాలూ మీ మందలోంచి కోడిని అమ్మడం, పొదిగించే గుడ్లు ఇతరులకు ఇవ్వడం, మరో ప్రదర్శనకు పేరు నమోదు చేయించడం ఆపివేయాలి. ఈ లోగా ఖాళీ అయిన వేరు గదిలోని ఊకనంతా ఎత్తి దూరంగా పూడ్చి, గోడలు, కొయ్యలు పైన చెప్పిన క్రమంలోనే కడిగి, తలుపులు తెరిచి ఎండనివ్వండి.